తోక తెగని పాట

మా మావయ్యకి వినబడేలా ఏదైనా టకటకమందంటే దానికి మూడినట్టే. వెంటనే వేలితో దరువేసి, నిమిషానికి ఎన్ని దెబ్బలో లెక్కగట్టి తీర్పు చెప్పేస్తాడు. ఆయన దృష్టిలో ప్రపంచానికి సరైన వేగం ఒక్కటే, నూట ఇరవై. డిస్కో పాట నడిచే వేగం అది.

"నూట పద్దెనిమిది. రెండు తక్కువ," అన్నాడోసారి మా వంటింటి కుళాయి కారడం విని. బాగుచేస్తాడు కదా అని సంతోషించాను. మర తిప్పి సరిగ్గా నూట ఇరవైకి తెచ్చి, అలాగే కారనిచ్చి వెళ్లిపోయాడు.

అత్తయ్య ఉల్లిపాయలు తరుగుతుంటే, "నూట ఇరవై రెండు. రెండు ఎక్కువ."

"వేలు తెగితే సరిపోతుందిలే," అనేది అత్తయ్య.

డాక్టరుగారు నాడి పట్టుకుని డెబ్బై ఆరంటే, "డెబ్బై నాలుగండీ, మళ్లీ చూడండి," అన్నాడట. ఆయన మళ్లీ చూశాడు. డెబ్బై నాలుగే.

అందుకే ఆయన మా అందరికీ దరువు మావయ్య. వయసులో ఉండగా ఓ డ్యాన్సు బృందంలో బేస్ గిటార్ వాయించేవాడు. బృందం చెదిరిపోయాక వాషింగ్ మెషీన్ల మెకానిక్ అయ్యాడు. ముప్ఫై ఏళ్ల తర్వాత, పాత బృందంలో ట్రంపెట్ ఊదినాయన్నీ, పాడినావిడనీ వెతికి పట్టుకుని ఒక పాట చేశాడు. పేరు 'చెమట పట్టనీ'. కాళ్లకు పాతకాలపు డిస్కో, గొంతులో గుండెను పిండే సోల్ సంగీతం. వేసవి మొదట్లో విడుదలైంది. రేడియోవాళ్లు ఏటా వేసే వేసవి పాటల జాబితాలో చచ్చేలోగా ఒక్కసారి తన పాట వినాలి, అదీ ఆయన కోరిక.

అప్పటికి మా పాపకి మూడో నెల. సాయంత్రం అయిదయ్యేసరికి గుక్కపట్టేది. ఫిజిక్స్ టీచర్ని కనక నేను గ్రాఫు గీసేదాన్ని, అడ్డంగా టైము, నిలువుగా ఏడుపు. పాపని భుజాన వేసుకుని, వీపు తడుతూ, సోఫా నుంచి కిటికీకీ, కిటికీ నుంచి తలుపుకీ తిరిగేదాన్ని. జ్వరమా? చెవిపోటా? ఊపిరి సరిగ్గానే తీస్తోందా?

పాట విడుదలకి ముందు మావయ్య సాయంత్రంపూట సంచీ తగిలించుకుని మూడుసార్లు దిగబడ్డాడు. "మీ మెషీన్ చప్పుడు తేడాగా ఉందే."

"బాగానే ఉతుకుతోంది మావయ్యా."

"నీకేం తెలుసు?" అని దాన్ని ఉత్తినే తిప్పి, పక్కన పీట వేసుకుని కళ్లు మూసుకునేవాడు. ఏదీ విప్పేవాడు కాదు, బిగించేవాడు కాదు. పని ఎగ్గొట్టి కునుకు తీయడానికి మా ఇల్లు దొరికిందనుకున్నాను.

పాట వచ్చిన వారంలోనే ఈతకొలనులో, క్షవరశాలలో, బస్సుల్లో మోగింది. మొదటి మూడు నిమిషాలూ. ఆ తర్వాత ట్రంపెట్ మాయమై, పాట మెల్లమెల్లగా నీరసపడి, చివరికి బేస్ గిటారూ, వెనక ఏదో గుడగుడా మిగిలేవి. అలా రెండు నిమిషాలు. ఈతకొలను గట్టున ఎగిరేవాళ్లు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే నిలబడిపోయేవారు. 'మూడు నిమిషాల నాట్యం, రెండు నిమిషాల నిద్ర' అని ఒక పత్రిక రాసింది. 'పాటకి బ్యాటరీ అయిపోయింది, ఎవరైనా మార్చండి' అని ఇంకొకరు.

రేడియో మేనేజరు ఫోన్ చేశాడు. "తోక కోసివ్వండి సార్. శుక్రవారం జాబితాలో పెట్టేస్తాం."

"కొయ్యను."

"పోనీ, ఒక్క నిమిషం ఉంచండి."

"ఒక్క దెబ్బ కూడా తగ్గించను."

ట్రంపెట్ ఆయన బతిమాలాడు. అత్తయ్య రెండు రోజులు మాట్లాడ్డం మానేసింది. నేనూ ఊరుకోలేదు. "జాబితా చేతికందే దూరంలో ఉంది మావయ్యా. ఎందుకీ మొండితనం?"

"మెషీన్‌లో బట్టలు వేశాక మధ్యలో తలుపు తీస్తామా?" అని వెళ్లిపోయాడు.

శుక్రవారం సాయంత్రం జాబితా చదివారు. ఇరవై పాటలు. మావయ్య పాట లేదు. అదే సమయానికి పాప ఏడుపు అందుకుంది. ఆయన మీద కోపమూ జాలీ కలిసొచ్చి, ఫోన్‌లో ఆ పాటే పెట్టాను. తోక చివరిదాకా వినడం అదే మొదటిసారి. ఎప్పుడూ మూడో నిమిషంలో పాప ఏడ్చేది, ఆపేసేదాన్ని.

పాపని తడుతూ తిరుగుతున్నాను. ఎప్పుడు కుదిరిందో, నా చెయ్యి పాటతో కలిసి పడుతోంది. ట్రంపెట్ ఆగింది. దరువు కొంచెం తగ్గింది. నా చెయ్యీ తగ్గింది. ఇంకొంచెం. కాళ్లు కూడా. నాకు తెలియకుండానే సోఫాలో కూర్చున్నాను. పాప ఏడుపు మూలుగైంది, మూలుగు ఆవలింతైంది. అప్పుడు ఆ గుడగుడ గుర్తుపట్టాను. అది మా వాషింగ్ మెషీనే! అంటే కునుకు కాదు, మావయ్య దాని చప్పుడు రికార్డు చేసుకెళ్లాడు.

అరగంటలో మావయ్య వచ్చాడు, సంచీతో సహా.

"పాపని నిద్రపుచ్చడానికా ఆ తోక?" గుసగుసగా అడిగాను.

"పాపకేమే? నిక్షేపంలా ఉంది. నీ చెయ్యే. నూట నలభై కొడుతున్నావ్. అలా బాదితే నేనైనా ఏడుస్తాను."

"నెమ్మదిగా తట్టమని చెప్పొచ్చుగా!"

"చెబితే? ఆ చెయ్యి మీద ఇంకో గ్రాఫు గీసేదానివి. నూట ఇరవైలో ఎక్కించుకుంటేగానీ నిన్ను అరవైలో దించలేను."

ఒకే చెక్కకి రెండు లోలకాలు వేలాడదీస్తే కాసేపటికి ఒకే లయలో ఊగుతాయని నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో!

"మరి జాబితా?"

"ఇంకో వేసవి రాదా ఏంటి? ఈసారి తోక లేకుండా చేద్దాం. నువ్వీలోగా ఇంకొకళ్లని కనకపోతే."

నవ్వొచ్చింది. పాప కదిలింది. గబుక్కున తట్టడం మొదలుపెట్టాను. మావయ్య తల వంచి, సోఫా చేతి మీద వేలితో దరువేశాడు.

"అరవై నాలుగు," అన్నాడు.

"నాలుగు ఎక్కువా?"

ఆయన ఇంకా కాసేపు విన్నాడు. తర్వాత ఆ వేలిని చొక్కా జేబులో పెట్టేసుకున్నాడు.

"ఉండనీయ్‌లే. బాగుంది."