తలుపు దగ్గర ఎర్రటి ఆకారం

మా చెల్లెలికి చిన్నప్పటి నుంచీ మూర్ఛ. మాత్రలతో చాలావరకు అదుపులోనే ఉంటుంది, కానీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. అమ్మ పోయాక ముదిగుబ్బ పక్కన పల్లెలోని ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. నేను రోజూ బస్సెక్కి కదిరికి పోయి టైలరింగ్ షాపులో జాకెట్లు కుడతాను. తను ఇంట్లో కూర్చొని చీరలకు కుచ్చులు వేస్తుంది. ఒంటరిగా ఉండడం మంచిది కాదని, తన ఇంటికి వచ్చేయమని మా అన్న పట్టుబట్టాడు. అక్కడైతే వదిన కనిపెట్టుకొని ఉంటుందట. చెల్లెలు ఒప్పుకోలేదు. హాల్లో కెమెరా పెట్టించమని తనే అడిగింది.

"నాకు కాపలా మనిషి వద్దక్కా. నీకు భయమైనప్పుడు ఫోన్లో చూసుకో, సాలు," అంది.

అలా గోడ మీదికి ఆ తెల్లటి చిన్న కెమెరా వచ్చింది. షాపులో దారం మార్చేటప్పుడల్లా ఒకసారి చూసేదాన్ని. కిటికీ పక్కన తల వంచుకొని కుచ్చు ముడులు వేస్తూ కనిపించేది. మళ్ళీ పనిలో పడేదాన్ని.

ఒకరోజు షాపులో ఫోను తెరిస్తే బొమ్మంతా మజ్జిగలో ముంచినట్టుంది. గోడేదో మనిషేదో తెలియలేదు. ఫోను చేస్తే, బూజు దులుపుతుంటే చీపురు తగిలి కెమెరా బండల మీద పడిందని, ఏమీ పగల్లేదు కాబట్టి మళ్ళీ తగిలించానని చెప్పింది. సాయంత్రం చూద్దాంలే అన్నాను.

మధ్యాహ్నం అన్నం తిని మళ్ళీ చూశాను. తలుపు దగ్గర నేల మీద పొడుగ్గా ఎర్రటి ఆకారం. ఆ పొద్దున తను వేసుకున్నది ఎర్ర చుడీదారే. ఫోను చేశాను, ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేశాను. పక్కింటి పెద్దమ్మకు చేస్తే ఆమె చేన్లో ఉందట, ఇప్పుడే బయల్దేరుతానంది. సగం కుట్టిన జాకెట్టు మిషను మీదే వదిలేసి బయటికి వచ్చాను. బస్సు కోసం ఆగే ధైర్యం లేక షేర్ ఆటో ఎక్కాను. దారంతా ఆ మసక బొమ్మనే చూస్తూ కూర్చున్నాను. ఆ ఎరుపు కొంచెం కూడా కదల్లేదు. పక్కన కూర్చున్న ముసలాయన ఏమైందమ్మా అని అడిగితే ఫోను ఆయన వైపు తిప్పి చూపించాను. అన్న మాట వినకపోతిమే అని మాత్రం అనిపించింది.

ఆటో దిగి పరిగెత్తాను. తలుపు దగ్గరికేసి ఉంది. తోసి చూస్తే నేల మీద ఎర్ర దుప్పటి చుట్ట. మా వైపు గాలికి దుమ్ము లోపలికి కొట్టుకొస్తుందని తలుపు సందుకు అడ్డంగా పెట్టుకునేది అదే. బయటికి పోతూ పక్కకు లాగేసినట్టుంది. ఫోను మూలన చార్జింగులో ఉంది. నేను గడప మీద కూలబడ్డాను.

అంతలో చెల్లెలు నడుమున బిందె పెట్టుకొని వచ్చింది. వీధి చివరికి నీళ్ళ ట్యాంకరు వచ్చిందట. తన వెనకే, చేన్లోంచి ఉరికొచ్చిన పెద్దమ్మ. ఇద్దరూ నన్ను చూసి ఆగిపోయారు.

"ఏమైందక్కా, ఇంత పొద్దుండంగానే వచ్చినావు?"

"నువ్వు పడిపోయినావనుకున్యా," అన్నాను. దుప్పటి వైపు చెయ్యి చూపించగానే ఏడుపొచ్చింది.

తను బిందె దించి, గ్లాసుతో నీళ్ళిచ్చి, నేను తాగేదాకా పక్కనే కూర్చుంది. పెద్దమ్మ దుప్పటిని ఒకసారి, నన్నొకసారి చూసి నవ్వుకుంటూ చేనికి తిరిగిపోయింది. అప్పుడు చెల్లెలు, ముందు ఆ కెమెరాను బాగు చేద్దాం పద అంది.

మెత్తని గుడ్డతో కెమెరా అద్దం తుడిచాను. మార్పు లేదు. వైరు తీసి మళ్ళీ పెట్టాను, అయినా అంతే. నేను విసుక్కుంటుంటే తను కెమెరా ముందు అరచెయ్యి పెట్టి ఫోన్లో చూసింది.

"ఇది చూడక్కా. చెయ్యి దగ్గర పెడితే గీతలు కూడా కనపడతాండాయి. దూరముండేదే మసగ్గా ఉండాది."

పడిన దెబ్బకు అద్దం తన చోటు నుంచి జరిగి ఉంటుందని అప్పుడు తట్టింది. వైరు పీకి ముందు మూత ఊడదీశాం. లోపలి అద్దం సీసా మూతలా మరల మీద తిప్పి బిగించి ఉంది. కదలకుండా వేసిన జిగురు చుక్క పగిలి, అద్దం కొంచెం వదులైంది. మళ్ళీ వైరు పెట్టి, నేను స్టూలెక్కి గోళ్ళతో మెల్లగా తిప్పుతుంటే, తను తలుపు దగ్గర ఫోను పట్టుకొని నిలబడింది. మొదట ఇంకా మసకైందట. రెండో వైపు తిప్పమంది. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ, చటుక్కున ఆగమంది.

"తలుపు గొళ్ళెం కనపడతాంది. దాని మీది తుప్పు కూడా."

మళ్ళీ తిరగకుండా మరల మీద తన గోళ్ళరంగు ఒక చుక్క వేసి ఆరనిచ్చాం. మూత బిగించి, ఈసారి మేకుకు తీగతో గట్టిగా కట్టాను. ఫోన్లో చూస్తే చెల్లెలు బొమ్మ నిండా పళ్ళికిలించి నిలబడి ఉంది. ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నానో.

అన్నకు చెప్పకుండా ఉంటే మేలని నాకనిపించింది. తనే ఫోను చేసి మొత్తం చెప్పేసింది, దుప్పటి సంగతితో సహా. అన్న అంతా విన్నాడు. తర్వాత, బయటికి పోయేటప్పుడు ఫోను చేతిలో పెట్టుకొని పొమ్మని మాత్రం అన్నాడు. ఈసారి తన ఇంటికి రమ్మనలేదు. చెల్లెలు సరేనంది.

మర్నాడు షాపులో ఒకసారి చూశాను. కిటికీ వెలుతురులో తన వేళ్ళు, వాటి మధ్య ఆకుపచ్చ పట్టుదారం స్పష్టంగా కనిపించాయి. ఫోను పక్కన పెట్టి, సగంలో వదిలేసిన జాకెట్టుకు చేతులు అతికించడం మొదలుపెట్టాను.