పెద్ద సిస్టరమ్మ నల్లదారం

పెద్ద సిస్టరమ్మ పోయారని మొన్న పుత్తూరు నుంచి ఆమె చెల్లెలు కార్డు రాసింది. చదివి జేబులో పెట్టుకుని, ఏమీ జరగనట్టు సాయంత్రం దాకా ఆఫీసులోనే కూర్చున్నాను. ఆమె విషయంలో నాకు అలవాటైన పనే అది.

చిత్తూరు వైపు ఒక ఆసుపత్రిలో నేను రికార్డు గుమాస్తాగా ఉన్నప్పుడు ఆపరేషన్ల వార్డు ఆమెది. గోడకు చెక్క చట్రంలో ఒక అట్ట ఉండేది. వారానికొక గుండుసూది. ఆ వారం ఎంతమందికి కుట్లు చీముపడితే సూది అంత ఎత్తున. సూదుల్ని కలుపుతూ, కుట్లు వేసే నల్లదారం. కాఫీ చల్లారిపోతున్నా సరే, మంచాలన్నీ తిరిగొచ్చాకే సూది గుచ్చేవారు.

"ఏడాదంతా కలిపి ఒక్క లెక్క సెప్తే ఎవురికి లాభమప్పా? ఏ వారం సెడిందో సూపిస్తేనే కదా, ఏం జరిగిందని అడిగేది" అనేవారు.

ఒక ఏడాది చివర్లో దారం పైకెక్కడం మొదలుపెట్టింది. కత్తులూ కత్తెరలూ ఉడికించే ఆవిరి డబ్బాకు మూత పట్టడం లేదని, కొత్తది కావాలని ఆమె మొత్తుకుంటూనే ఉన్నారు. అంతలో తనిఖీ అన్నారు. పెద్ద డాక్టరు ఆ అట్ట తీయించి, నన్ను పిలిచి, పోయినేటికొకటి, ఈ ఏటికొకటి, ఏడాది మొత్తం లెక్కకు రెండే రంగు దిమ్మెలు గీయమన్నాడు. మొదటి నెలలు బాగుండటంతో, మొత్తం మీద ఈ ఏటి దిమ్మె పొట్టిదే. అబద్ధం కాదు. నాది తాత్కాలిక ఉద్యోగం, పొడిగించే కాగితం ఆయన బల్లమీదే ఉంది. గది తలుపు తెరిచే ఉన్నా కదల్లేకపోయాను. గీశాను.

సిస్టరమ్మ వచ్చి చూశారు. తిట్టలేదు. "బాగా గీసినావు. ఆరో మంచం ఆమె దీంట్లో యాడుండాదప్పా?" అన్నారు. ఆరో మంచంలో ఉన్నది మూడోసారి కుట్లు విప్పించుకున్న కూలిమనిషి.

"ఇరుక్కుపోయినానమ్మా" అన్నాను.

"నువ్వొక్కడివేనా?" అని వెళ్లిపోయారు.

తనిఖీకి వచ్చినవాళ్లు దిమ్మెల్ని మెచ్చుకుని పోయారు. డబ్బా రాలేదు. నా ఉద్యోగం ఖాయమైంది. ఆ తర్వాత ఎప్పుడు ఎదురైనా ఆమె "కాఫీ తాగినావా అప్పా?" అనే అడిగేవారు. తిట్టినా అంత సిగ్గుగా ఉండేది కాదు. ఇప్పుడెవరైనా నా ముందు ఏడాది లెక్క పెడితే వారాలేవని అడుగుతాను. అది ఆమె పెట్టిన భిక్షే.

నిన్న పుత్తూరు వెళ్లాను. చెల్లెలు ఆ అట్ట తెచ్చి, "నీకియ్యమనింది" అంది. తీయించిన వారంతో ఆగిపోయి ఉంటుందనుకున్నాను. ఆగలేదు. వార్డులో బీరువా వెనక దాచుకుని వారం వారం గుచ్చుతూనే పోయారట. దారం ఎక్కి ఎక్కి అట్ట పై అంచు దాకా వచ్చింది. చివరి సూదికి చోటు చాలక, చట్రం చెక్కలోకి దిగగొట్టారు.