పటంలో లేని మూడు దిబ్బలు

సాంబమూర్తి చేత బూట్లు వేయించేసరికి కంపెనీ సేఫ్టీ ఆఫీసరుకి తలప్రాణం తోకకి వచ్చేది. శ్రీకాకుళం జిల్లా భావనపాడు మత్స్యకారుడు మరి. పడవ మీద చెప్పులతో నిలబడితే గంగమ్మకి కోపం వస్తుందని నమ్మినవాడు. సింగపూర్‌లో జురాంగ్ వైపు షిప్‌యార్డులో పన్నెండేళ్ళు బరువు బూట్లలో మగ్గి, నిరుడు సముద్రం లోతులు కొలిచే ఈ చిన్న ఓడలో కళాసీగా చేరాడు. చేరిన రోజే బూట్లు విప్పి మూలన పెట్టి, తిట్లు తిన్నాడు. తిట్టడానికి తప్ప అతనితో ఎవరికీ పని పడలేదు. డెక్కు కడిగేవాణ్ణి సలహా ఎవరడుగుతారు?

పక్క దేశంలో అడవులు తగలబడే కాలం. పొగ సముద్రాన్నంతా కమ్మేసింది. సింగపూర్‌కి రెండు రోజుల దూరంలో, మిట్టమధ్యాహ్నం ఇంజను ఆగిపోయింది. కరెంటు పోయి, లోతు చూపే యంత్రమూ ఆగింది. ప్రవాహం ఎటు లాగితే ఓడ అటు పోతోంది. పటం ప్రకారం చుట్టూ లోతు నీళ్ళే కాబట్టి కెప్టెన్ హాషిమ్ తాపీగానే ఉన్నాడు.

ముందు భాగంలో ఉత్తకాళ్ళతో నిలబడ్డ సాంబమూర్తి మాత్రం ఉలిక్కిపడ్డాడు.

"ఎదర నేలుందమ్మా," అన్నాడు పక్కనున్న తన్మయితో. సింగపూర్ హౌగాంగ్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, సర్వే ఇంజనీరు.

"చార్ట్‌లో ఏం లేదు లా, అంకుల్. ఓపెన్ సీ," అంది సింగపూర్ యాసలో.

"ఎల్లిన కెరటం గుద్దుకుని ఎనక్కొస్తంది. అరికాలికి తెలస్తంది. లంగరెయ్యమను."

ఉన్నది ఒక్క లంగరు. అడుగు అందకపోతే గొలుసుతో సహా నీళ్ళపాలే. తన్మయి ఇంగ్లీషులో చెప్పగానే హాషిమ్ మండిపడ్డాడు. లంగరు పోతే సాంబమూర్తి వర్క్ పర్మిట్ రద్దు చేయించి ఇంటికి విమానం ఎక్కిస్తానన్నాడు.

"ఎక్కించమను. ముందు లంగరెయ్యమను," అన్నాడు సాంబమూర్తి.

హాషిమ్ అతని ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. వేళాకోళానికి పర్మిట్ పణంగా పెట్టే మనిషిని అతను ఎక్కడా చూడలేదు. లంగరు గొలుసు బ్రేకు వదలమన్నాడు.

గొలుసు గడగడమంటూ దిగింది. సాంబమూర్తి బారలు లెక్కపెడుతున్నాడు. పది. పదిహేను. ఇరవై. ఊళ్ళో భార్య రత్తమ్మకి ఏం చెప్పాలి, పిల్లల చదువులేమిటి? ఇరవై నాలుగో బార దగ్గర గొలుసు సడలింది. కాసేపటికి ఓడ ఒక్క కుదుపుతో ముక్కు తిప్పి నిలబడింది.

సాయంత్రం గాలి మారి పొగ విడింది. ఎదురుగా మూడు దిబ్బలు! బండల మీద తెల్లటి నురగ విరుగుతోంది, కేకేస్తే వినపడేంత దగ్గరలో.

మర్నాడు చిన్న పడవలో వెళ్ళి చూశారు. పెద్ద దిబ్బ మీద తుప్పలు, పక్షి గుడ్లు, ఉప్పు నీటి గుంట. మనిషి అడుగుజాడ లేదు. తన్మయి కొలతలు తీసుకుంటూ చిన్నపిల్లలా గంతులేసింది. మధ్యాహ్నానికి ఇంజను బాగుపడింది కానీ, లోతు యంత్రం కాలిపోయింది. తీరా చూస్తే వెనకా పక్కలా కూడా నీటి కింద బండలే. ఏ సందులోంచి లోపలికి కొట్టుకొచ్చారో ఎవరికీ తెలియదు.

హాషిమ్ చుక్కాని పట్టుకుని సాంబమూర్తిని పిలిచాడు. ఎటు తిప్పమంటే అటు తిప్పుతానన్నాడు. ఓడలో మిగతా ఆరుగురూ అతని కాళ్ళవైపే చూస్తున్నారు. కోరుకున్న మర్యాద దక్కింది.

"నాకు తెల్దు," అన్నాడు.

సీసపు గుండు కట్టిన తాడు తీసుకుని చిన్న పడవలోకి దిగాడు. ముందు తాను లోతు కొలిచి చెబుతాడు, ఓడ వెనకే మెల్లగా రావాలి. తన్మయి తెడ్డు పట్టింది. అతను తాడు ముడిని మూడోసారి బిగించి చూసుకోవడం గమనించింది.

"నిన్న అంత షూర్‌గా చెప్పారు కదా, అంకుల్?"

సాంబమూర్తి గుండు నీళ్ళలోకి వదిలాడు.

"నిన్న నా మాట ఎవులూ ఇంటారనుకోలేదమ్మా."