వల తాడు కోసింది నేనే

పదేళ్ల క్రితం అలలకు భయపడి, ఒడ్డుకు పారిపోదామని మా బామ్మర్ది రమణయ్య వల తాడు కోసేశాడని మా ఊరు జువ్వలదిన్నెలో అందరూ అంటారు. కోసింది నేను. పడవలో మేమిద్దరమే. పడవ యజమాని వల సముద్రం పాలైంది. నింద రమణయ్య మీద పడితే నేను నోరు మెదపలేదు. నాతో వాళ్లక్క కాపురం చెడకూడదని అతనూ చెప్పలేదు. తర్వాత అతన్ని ఎవరూ పడవెక్కించుకోలేదు.

మొన్న టీకొట్టు టీవీలో సెలబ్రిటీల సాహసాల షో వస్తోంది. లైఫ్ జాకెట్, నడుముకు తాడు, చుట్టూ నలుగురు ఈతగాళ్లు. అయినా ఓ హీరో పడవ మీంచి దూకలేక వణుకుతున్నాడు.

“సినిమాలో సముద్రాలు దాటినాడు, ఈడ మేకప్ కరిగిపోద్దని ఏడస్తుండాడు” అన్నాను. అందరూ నవ్వారు.

హీరో చేతులు జోడించి, “నాకు భయం, నావల్ల కాదు” అన్నాడు.

“రమణయ్యా, నీకు జోడీ దొరికినాడు” అన్నాడు కొట్టాయన.

కొట్టు ముందు కూర్చుని పాత వల బాగుచేస్తున్న రమణయ్య తలెత్తలేదు. “వాడు నయం బావా. భయమని వాడే ఒప్పుకున్నాడు” అన్నాడు నాతో.

నేను వెక్కిరించిన ఆ మేకప్ మొహానికున్న పాటి ధైర్యం నాకు పదేళ్లుగా లేదు. లేచి టీవీ కట్టేశాను.

“ఆ పొద్దు భయపడి తాడు కోసింది నేను. ఇన్నేళ్లూ నీ మీదకు తోసినాను. నన్ను క్షమించు రమణయ్యా” అన్నాను, అందరూ వింటుండగా.