రూపాయి బిళ్ళ నిలబడిన రోజు

కోట ఊరి నుంచి సముద్రం వైపు పోయే దారిలో, రొయ్యల గుంటలు దాటాక ఒక చేపల పొడి ఫ్యాక్టరీ ఉంది. గాలి అటు నుంచి వీచిన రోజున దారి ఎవరినీ అడగక్కర్లేదు, ముక్కే తీసుకుపోతుంది. అక్కడ పదిహేడేళ్ళుగా ఫిట్టరు పని చేస్తున్న మనిషి హెబ్రోను. ఉత్త హెబ్రోను అంటే సగం మందికి తెలియదు, రూపాయి హెబ్రోను అనాలి. పిసినారి అనుకునేరు! ఆ మాటకొస్తే చెయ్యి కాస్త ధారాళమే. మిషను బాగుచేశాక, అది పూర్తి వేగంతో తిరుగుతుండగా, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి దాని పై కప్పు మీద అంచున నిలబెట్టేవాడు. బిళ్ళ నిలబడితే పని అయినట్టు. పడితే మళ్ళీ విప్పడమే. చెన్నై నుంచి వచ్చిన ఇంజనీర్లు కూడా ఆ బిళ్ళను సెల్లులో ఫోటో తీసుకుపోయారు.

ఆ మిషను పేరు డికాంటర్. పడుకోబెట్టిన పెద్ద ఉక్కు పీపా అనుకోండి. ఉడికించిన చేపల గుజ్జును లోపలికి పంపి నిమిషానికి మూడు వేల చుట్లు తిప్పితే, పిప్పి ఒక పక్క నుంచి, నూనె కలిసిన నీళ్ళు ఇంకో పక్క నుంచి బయటికొస్తాయి. అంత వేగంలో పీపా ఒక వైపు గుప్పెడు బరువు ఎక్కువైనా చాలు, వణుకు పుడుతుంది. వణుకు ముదిరితే బేరింగులు పోతాయి, బోల్టులు తెగుతాయి, దగ్గరున్న మనుషులు కూడా పోతారు. అందుకే వణుకు హద్దు దాటగానే మిషను దానంతటదే ఆగిపోయేలా ఒక స్విచ్ పెట్టి ఉంటారు.

వణుకు రాకుండా చూసే మనుషులు అక్కడ ఇద్దరు. సాయంత్రం మిషను ఆపేముందు వేడినీళ్ళు పెట్టి లోపల కడగాలి, లేకపోతే పిప్పి ఒక పక్క గడ్డ కడుతుంది. ఆ పని మాలకొండమ్మది. ఇక పీపానీ దాని మూతనీ తయారుచేసిన చోటే జతగా బరువు సరిచేసి, రెండింటి మీదా ఎదురెదురుగా, వేలికి తగిలేలా, చిన్న గుంటలాంటి ఒక చుక్క కొట్టి పంపుతారు. విప్పి బిగించినప్పుడల్లా చుక్కకు చుక్క కలవాలి. ఆ పని హెబ్రోనుది.

హెబ్రోను ఆ చుక్కలను కంటితో చూసేవాడు కాదు. వేలితో తడిమి పట్టుకునేవాడు. పదహారేళ్ళ వయసులో నెల్లూరు రైసు మిల్లులో చేరినప్పుడు, కామాక్షయ్య మేస్త్రీ నేర్పిన విద్య అది. తవుడు దుమ్ములో ఏమీ కనిపించేది కాదు. "కన్ను మోసం చేస్తాది అబ్బయ్యా, వేలు చెయ్యదు" అనేవాడు మేస్త్రీ. ముప్పై ఏళ్ళకు పైగా హెబ్రోను ఆ మాట మీదే బతికాడు. ఎవరైనా చూస్తుంటే కావాలని తల పక్కకు తిప్పుకుని, కబుర్లు చెబుతూ వేలితో చుక్క పట్టేవాడు. ఆ గొప్ప చూపించుకోవడంలో ఉన్న సుఖం ఆయనకే తెలుసు.

ఇలాంటి మనిషికి షుగరొచ్చింది. వచ్చి మూడేళ్ళయింది. మొదట కాళ్ళు తిమ్మిరెక్కాయి, తర్వాత వేళ్ళ కొసలు మొద్దుబారాయి. చొక్కా గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడేవాడు. ఒకరోజు పొయ్యి మీది గిన్నె మూతను ఉత్త చేత్తో ఎత్తి, అలాగే పట్టుకుని నిలబడ్డాడు. భార్య ఎలిశబెతు కెవ్వుమంది. "ఫిట్టరు చేతులే, ఉక్కు చేతులు" అని నవ్వేశాడు. ఫిట్టరుకు వేళ్ళు పోయాయని తెలిస్తే ఇంకేముంది? ఎవరికీ చెప్పలేదు. కళ్ళజోడు జేబులోనే ఉండేది, పని దగ్గర మాత్రం పెట్టుకునేవాడు కాదు.

పోయినేడు వానలు మొదలయ్యే ముందు, ఒక మధ్యాహ్నం డికాంటర్‌కు బేరింగు మార్చాడు. మూత బిగించేటప్పుడు అలవాటు ప్రకారం వేలితో తడిమాడు. ఉప్పుగాలికి ఆ ఉక్కు అంచంతా అక్కడక్కడా తిని చిన్న చిన్న గుంటలు పడి ఉంది. గుంటకూ చుక్కకూ తేడా ఒకప్పటి వేళ్ళయితే ఇట్టే చెప్పేవి. "ఇదిగో చుక్క" అనుకుని బిగించేశాడు. మిషను నడిచింది, వణుకు ఇంకా హద్దు దాటలేదు. బిళ్ళ నిలబెట్టాడు. ఒక్క క్షణం నిలబడి, వణికి, కింద పడింది. చుట్టూ చూశాడు. ఎవరూ చూడలేదు. బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు. రేపు చూద్దాంలే అనుకున్నాడు.

ఆ రేపు రానే వచ్చింది. పొద్దున్నే మిషను వేస్తే, వేగం అందుకోగానే దడదడలాడి ఆగిపోయింది. మళ్ళీ వేశారు, మళ్ళీ ఆగింది. మూడోసారీ అంతే. బయట రెండు లారీల చేపలు ఎండలో ఉన్నాయి. మేనేజరు ప్రసాద్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఏంది హెబ్రోను గారూ? నిన్ననే గదా బేరింగు మార్చినారు?"

అందరూ హెబ్రోను వైపే చూస్తున్నారు. నిన్న కింద పడిన బిళ్ళ ఆయన కళ్ళ ముందు ఆడింది. తప్పు నాదేనేమో అని మనసు అంటూనే ఉంది, నోరు ముందే లేచింది.

"లోపల సరిగ్గా కడగలా సార్. పిప్పి గడ్డ కట్టింది."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు! అంత పెద్ద మాట ఎంత సుళువుగా వచ్చిందో చూడండి.

ప్రసాద్ మాలకొండమ్మను పిలిపించాడు. నలభై దాటిన మనిషి. సముద్రం ఒడ్డునున్న పల్లె. మొగుడు నడుం దెబ్బతిని పడవ ఎక్కడం మానేశాక, ఇంటిల్లిపాదికీ ఈమె పనే ఆధారం. మంచి చేప దొరికిన రోజున పులుసు చేసి "అన్నా, వదినకు ఇయ్యి" అంటూ డబ్బా హెబ్రోను చేతిలో పెట్టేది.

"నిన్న ఎంతసేపు పెట్టినావు నీళ్ళు?"

"తేటగా వచ్చేదాకా పెట్టినా సార్. తేటగా రాకుండా నేను ఎప్పుడూ కట్టెయ్యను." ఆమె హెబ్రోను వైపు తిరిగింది. "అన్నా, నువ్వు చెప్పన్నా. ఇన్నేళ్ళలో నేను ఒక్కనాడన్నా వొదిలేసి పోయినానా?"

హెబ్రోను స్క్రూడ్రైవరును గుడ్డతో తుడుస్తూ నిలబడ్డాడు. దానికి మరక లేదు, అయినా తుడుస్తూనే ఉన్నాడు. ప్రసాద్ ఆమెను రేపటి నుంచి రావద్దన్నాడు. మాలకొండమ్మ గోడకు తగిలించిన సంచీ తీసుకుని, ఇంకోసారి హెబ్రోను వైపు చూసి వెళ్ళిపోయింది.

సాయం చేసే వాళ్ళందరినీ చేపల మీద ఐసు వెయ్యడానికి పంపేశారు. హెబ్రోను ఒక్కడే మూత విప్పి, కళ్ళజోడు పెట్టుకుని, టార్చి వేసి లోపలికి చూశాడు. పీపా లోపల తోమిన కంచంలా మెరుస్తోంది. పిప్పి కాదు కదా, ఒక్క పొలుసు లేదు. టార్చి అంచు వైపు తిప్పాడు. పీపా చుక్క ఒకచోట ఉంది, మూత చుక్క ఒక బోల్టు కన్నం అవతల ఉంది. మూత చుక్కకు ఎదురుగా, నిన్న చుక్కలా వేలికి తగిలిన ఆ ఉప్పు గుంట ఉంది.

అప్పుడైనా కేకేసి పిలవచ్చు. ఆమె ఇంకా గేటు దాటి ఎంతో దూరం పోయి ఉండదు. పిలవలేదు. చుక్కకు చుక్క కలిపి బిగించాడు. మిషను వేశారు. అద్దంలా తిరిగింది. వద్దంటున్నా వినకుండా ఎవరో బిళ్ళ తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. నిలబెట్టాడు. మేకు దిగేసినట్టు నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"చూసినారా? కడిగే మనిషిని పంపెయ్యంగానే బిళ్ళ ఎట్టా నిలబడిందో!" అన్నాడు ప్రసాద్.

చేసిన రిపేరే ఆమె మీద రుజువయింది. తేలు కుట్టిన దొంగలా హెబ్రోను నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఆయనకు అన్నం దిగదు.

ఆ రోజు నుంచి జేబులో బిళ్ళ పెట్టుకోవడం మానేశాడు. రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం గుడిలో సాక్ష్యం చెప్పే వేళ, పాస్టరుగారు ఆయన్నే లేపారు. చేతి పనిలో దేవుడిచ్చిన వరం గురించి ప్రతి ఏడాదీ చెప్పేవాడు, అందరికీ ఇష్టం. లేచి నిలబడ్డాడు. "దేవునికి స్తోత్రం" అని మాత్రం అని కూర్చుండిపోయాడు.

ఇంటికొచ్చాక ఎలిశబెతు తలుపు దగ్గరికి వేసి అడిగింది. అంతా చెప్పాడు, వేళ్ళ సంగతితో సహా. "రోజూ ప్రార్థనలో ఒప్పుకుంటానే ఉండా" అన్నాడు.

"ఆయనకు చెప్పేదేముంది? ఆయనకు ముందే తెలుసు. తెలీంది ఆ అమ్మికి" అంది ఎలిశబెతు. "పొయ్యి ఆమెకు చెప్పు. ఆ పులుసు తిన్న నోరే గదా అది."

మర్నాడు సెలవు పెట్టి కోట బజారుకు పోయాడు. మాలకొండమ్మ రోడ్డు పక్కన గోనె పరుచుకుని ఎండుచేపలు అమ్ముతోంది. ఆయన్ని చూడగానే, ఏం పాపమో, ఆమె ముఖం వికసించింది.

"రా అన్నా! వదిన బాగుండాదా? మిషను బాగా తిరగతా ఉందా?"

"తిరగతా ఉంది."

"అంతే చాల్లే. ఒక మాట అడగాలని ఉండా అన్నా. ఆ గడ్డ యాడ మిగిలింది? పైపు కాడా, అడుగునా? నేను తేటగా వచ్చేదాకా పెట్టినా, నా కళ్ళతో చూసినా. అయినా నువ్వు అబద్ధం చెప్పవు గదా, నేనే యాడో ఏమరినట్టున్నా." తగ్గు గొంతుతో నవ్వింది. "ఇప్పుడు ఇంట్లో గిన్నె ఒకసారి కడిగితే నాకు నమ్మకం కుదరడం లా. మళ్ళీ కడుగుతా. మళ్ళీ చూస్తా. మా కోడలు నవ్వతా ఉంది, అత్తకు పిచ్చి పట్టిందని."

హెబ్రోను ఆమె పని పోగొట్టానని అనుకుంటున్నాడు ఇన్నాళ్ళూ. ఆమెకు ఆమె కళ్ళ మీదే నమ్మకం లేకుండా చేశాడని ఇప్పుడే తెలిసింది. గోనె ముందు నేల మీద కూలబడి చెప్పేశాడు. గడ్డ లేదని, లోపల మెరుస్తూ ఉందని, చుక్క తప్పింది తన వేలేనని, అది తెలిశాక కూడా నోరు మూసుకున్నానని.

ఎవరో వచ్చి నెత్తళ్ళ చేపలు అడిగితే మాలకొండమ్మ తూచి ఇచ్చింది. వాళ్ళు పోయాక అంది: "ఇక్కడ నా చెవిలో చెప్తే ఏమొస్తాదన్నా? నన్ను పనికిమాలినదాన్ని చేసింది ఈ బజారు కాదు గదా. ఆ మిషను కాడ, అంతమంది ఉండంగా చేసినావు. ఆడ చెప్పు."

మరుసటి పొద్దున షిఫ్టు మారే వేళ, పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ అందరూ ఉండగా, హెబ్రోను డికాంటర్ పక్కన నిలబడి చెప్పాడు. ప్రసాద్‌కు చిరాకొచ్చింది.

"అయిపోయిన పెళ్ళికి మేళమెందుకు హెబ్రోను గారూ? మిషను బాగానే ఉంది గదా."

"మిషను బాగుంది సార్. నేను బాగా లేను. నా వేళ్ళకు చుక్క తెలీడం లేదు. ఆయమ్మ తప్పేం లేదు, తప్పు నాది. ఆమెను పిలిపించండి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "రూపాయి చెల్లకుండా పోయిందిరో" అన్నారు ఇంకెవరో. ఆ మాట చెవిన పడింది. పడనీ అనుకున్నాడు.

వారం తిరక్కుండా రెండు పనులు జరిగాయి. మనుబోలు నుంచి సుధాకర్ అనే కుర్ర ఫిట్టరును తెచ్చి హెబ్రోను మీద పెట్టారు. ఇప్పుడు హెబ్రోను బోల్టులు బిగిస్తాడు, చుక్కలు కలిశాయో లేదో సుధాకర్ టార్చి వేసి చూస్తాడు. రెండోది, మాలకొండమ్మ తిరిగి పనిలోకి వచ్చింది.

వచ్చిన మొదటి సాయంత్రం ఆమె ఎప్పటిలాగే మిషను కడిగింది. చివర వచ్చిన నీళ్ళను ఒక స్టీలు గ్లాసులో పట్టి, దాన్ని కొంగుతో పట్టుకుని, అందరి ముందూ నడిచొచ్చి హెబ్రోనుకు చాపింది.

"చూడన్నా."

హెబ్రోను గ్లాసు అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. "తేటగా ఉందమ్మా" అన్నాడు.

"గట్టిగా చెప్పన్నా."

"తేటగా ఉంది!" షెడ్డంతా వినపడింది.

ఆమె కళ్ళు అప్పుడు ఆయన చేతి మీద పడ్డాయి. కొంగు లేనిదే తను పట్టుకోలేకపోయిన గ్లాసు అది. ఆయన ఉత్త వేళ్ళతో పట్టుకుని, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాడు. వేళ్ళ కొసలు ఎర్రగా కందిపోతున్నాయి. గబుక్కున గ్లాసు లాగేసుకుంది.

"వేళ్ళకు ఏమీ తెలీడం లా అంటే నిజమేనా అన్నా!" అంది.

ఒక్కరోజు ముచ్చట అనుకున్నాడు హెబ్రోను. కాదు. ఇప్పటికి ఏడు నెలలయింది, ప్రతి సాయంత్రం ఆ గ్లాసు వస్తుంది. పులుసు డబ్బా మాత్రం మళ్ళీ రాలేదు. అన్నా అనే పిలుస్తుంది, గట్టిగానే చెప్పమంటుంది, ఒక్కరోజు కూడా వదిలిపెట్టదు. కానీ రెండో రోజు నుంచి గ్లాసు ఆయన చేతికి ఇవ్వడం మానేసింది. తనే కొంగుతో పట్టుకుని, ఆయన కళ్ళకు ఎదురుగా ఎత్తి నిలబడుతుంది. ఆయన చేతులు చాపబోతే, "వొద్దన్నా, కాలతాది" అంటుంది.

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది అంటాడు హెబ్రోను ఎలిశబెతుతో. తిట్లయితే తల వంచుకుని పడేవాడు. ఆ రెండు మాటలకు మాత్రం తల ఎక్కడ దాచుకోవాలో ఇప్పటికీ ఆయనకు తెలియదు.