లెక్కల పరీక్ష, మిరప కల్లం

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పదో తరగతి తప్పినవాళ్ళను పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు, ‘ప్రైవేటు’ అనేవాళ్ళు. బడి మానేసి, ఇంటి దగ్గరే చదువుకుని, మళ్ళీ ఫీజు కట్టి పరీక్ష రాసేవాళ్ళమన్నమాట. మగపిల్లవాడు తప్పితే, “ఏముందిలే, మళ్ళీ కడతాడు” అని ఊరుకునేవాళ్ళు. ఆడపిల్ల తప్పితే మాత్రం పీడ విరగడైనట్టు ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునేవాళ్ళు. ఎనభైల నాటి మాట ఇది. దర్శికి బస్సులో ముప్పావు గంట దూరంలో మా ఊరు. చుట్టూ నల్లరేగడి, ఎటు చూసినా పత్తి, మిరప. నలుగురు కూర్చుంటే వాటి ధరలూ పురుగుమందులూ తప్ప మరో కబురు ఉండేది కాదు.

నేను లెక్కల్లో తప్పాను. లెక్కలు రాక తప్పలేదు, ఆ సంగతి ఇప్పటికైనా గట్టిగా చెప్పుకోవాలి. మార్చిలో పరీక్షలు, మార్చిలోనే మిరప కల్లాలు. ఎవరు పెట్టారో గానీ ఆ ముహూర్తం, మా ప్రాంతం పిల్లల ఉసురు వాళ్ళకు తగిలే ఉంటుంది. పరీక్ష రోజు పొద్దున్నే కల్లంలో ఎండబోసిన కాయను తిరగేసి, రంగు పోయిన తాలుకాయలు ఏరి, చేతులు కడుక్కుని బస్సెక్కాను. మిరపకాయ మంట నీళ్ళతో పోదని మాలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. హాల్లో చెమట కంట్లోకి కారింది. చేత్తో తుడుచుకున్నాను. అంతే, ఇంక కళ్ళు తెరవలేకపోయాను. ప్రశ్నపత్రం మీద కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కాస్త చూపు ఆనేసరికి సగం సమయం అయిపోయింది, మిగతా సగంలో రాసింది చాల్లేదు. మర్నాటి రెండో పేపరు ఆ లోటు పూడ్చలేకపోయింది.

ఇదంతా మా నాన్నకు చెప్పాను. “ఊరంతా మిరపకాయలు ఏరటంలా? అందరూ గుడ్డోళ్ళయ్యారా ఏంది? దీని బుర్రకు లెక్కలెక్కవు, అంతే” అన్నాడు. ఊళ్ళో ఎవరడిగినా ఆ మాటే చెప్పాడు. పరీక్ష రోజు నన్ను కల్లంలోకి పంపింది తానేనన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. ఇంట్లో నాన్న, నేను, మా మేనత్త. అత్తయ్య నాన్నకు అక్క. మొగుడు పోయాక తమ్ముడి ఇంటికి వచ్చి, ఆ ఇంటిని తన చేతిలోకి తీసుకుంది. నాన్నను ‘ఒరేయ్’ అని పిలవగలిగిన మనిషి ఊరు మొత్తం మీద ఆవిడొక్కతే. నోరా, అబ్బో! ఆవిడ గొంతు లేస్తే పక్క చేలో ఎద్దులు కూడా ఆగేవి. ఇక ఆచారాల విషయంలో ఆవిడ మాటే శాసనం. నెలసరి వస్తే నేను మూడు రోజులూ పశువుల కొట్టం పక్కనున్న పంచలో వేరే చాప మీద, వేరే కంచంలో బతకాల్సిందే. కల్లం ఛాయలకు రాకూడదు, పచ్చడి జాడీ వైపు చూడకూడదు. ఆఖరికి పుస్తకం తెరిచినా, “సరస్వతిని మైల చేస్తావటే” అని లాక్కుని దూలంలో దోపేసేది. చదువుకోవడానికి తీరిక దొరికే మూడు రోజుల్లో పుస్తకం ముట్టనివ్వదు, మిగిలిన రోజుల్లో నాన్న పని తెమలనివ్వడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్నట్టు ఉండేది నా చదువు.

అక్టోబరులో పరీక్ష కడతానంటే, మిరప తోటలో కలుపు తీసే అదనన్నాడు నాన్న. చివరికి, “మార్చిలో ఇంకొక్కసారి కట్టుకో. పాసైతే దర్శి కాలేజీలో చేరుస్తా. తప్పావా, ఉగాది వెళ్ళాక పెళ్ళి చేసేస్తా. ఏదైనా పని మాత్రం ఆగకూడదు” అని అత్తయ్య ఎదురుగానే తేల్చేశాడు. ఆ చలికాలమంతా పత్తి తీస్తూ నోట్లో సూత్రాలు వల్లెవేసుకున్నాను. పక్క సాలులో కూలీలు, “ఈ పిల్లకు గాలి సోకిందే” అని నవ్వుకునేవాళ్ళు. నవ్వితే నవ్వారు. ఉగాది తర్వాత ఎవరింటికో వెళ్ళి వాళ్ళ కల్లంలో తాలు ఏరడం నాకు ఇష్టం లేదు.

తప్పిన సబ్జెక్టు ఒక్కటే రాస్తే చాలు. లెక్కలకు రెండు పేపర్లు, వరసగా రెండు రోజులు. మొదటి పేపరు రేపనగా పొద్దున్నే గంప పుచ్చుకుని కల్లంలోకి బయల్దేరాను. అత్తయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నాన్నకు వినపడేలా, “ఏమే, బయటున్నదానివి కల్లంలో అడుగు పెడతావా? బుద్ధుందా? అక్కడ పడెయ్ ఆ గంప, పో పంచలోకి!” అని అరిచింది.

నేను నోరెళ్ళబెట్టాను. నేను బయట చేరి తలంటుకుని పట్టుమని పది రోజులు కాలేదు. ఆ తలంటింది కూడా ఆవిడే. ఏదో అనబోతే కళ్ళెర్రజేసింది. నాన్న తల పట్టుకుని, “ఇప్పుడే రావాలా అక్కా దీనికి! కాయ ముంచుకొచ్చిందే” అన్నాడు. “నేనేం జేసేదిరా? ముట్టుది చెయ్యి పెడితే కాయ నల్లబడుద్ది. తరవాత నన్నంటే ఊరుకోను, నీ ఇష్టం” అంది అత్తయ్య. నాన్న కల్లంలోకి వెళ్ళిపోయాడు. దేవుడికైనా ఎదురు చెప్పేవాడేమో గానీ, ఈ విషయంలో అక్క మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఆయనకు లేదు. ఒక కూలి మనిషి మాత్రం, “అదేందమ్మా, పిల్ల మొన్ననేగా...” అని నసిగింది. “నువ్వేమన్నా లెక్కలు రాస్తన్నావా ఏందే? పని చూసుకో” అని అత్తయ్య ఆ నోరు కూడా మూయించింది.

పంచలోకి వెళ్ళి చాప చుట్ట విప్పితే లోపల నా లెక్కల పుస్తకం ఉంది. కింద పడకుండా గోనె పీలికతో కట్టి మరీ పెట్టింది. మధ్యాహ్నం కంచం తెచ్చి దూరాన పెట్టి, నా మొహం చూడకుండానే, “ఈ మూణ్ణాళ్ళూ ఒక్క కాయ కూడా ముట్టబాక. ఇన్నావా?” అంది. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. ఏడాది కిందట నా కళ్ళ సంగతి నాన్నకు చెబుతున్నప్పుడు ఆవిడ పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి కూర్చుని ఉంది. వినలేదనే అనుకున్నాను. నాకు ఏడుపు ఆగలేదు. “ఏడిస్తే లెక్కలొస్తయ్యా? తిని చదువుకో” అని వెళ్ళిపోయింది.

మర్నాడు దర్శిలో మొదటి పేపరు రాశాను. పుస్తకం మైల సంగతి నాన్నకు పట్టదు, పట్టించుకునే అత్తయ్య ఆ మాటే ఎత్తలేదు. ప్రైవేటు వాళ్ళ హాలు ఒక వింత లోకం. పదో తరగతి ఉంటే గానీ ఉద్యోగం ఖాయం కాదన్న నడివయసు మనిషి, చంటిబిడ్డను బయట మొగుడి చేతిలో పెట్టి వచ్చిన ఇల్లాలు, మీసాలొచ్చిన మగపిల్లలు. కిటికీలోంచి ఎవరికో చిట్టీలు పడుతున్నాయి. కాపలాకొచ్చిన ఆయన, “ప్రైవేటోళ్ళకు చదువెందుకు, కిటికీ ఉంటే చాలు” అని వెటకారమాడాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే, చల్లటి చేతులతో, ఒక్క లెక్క వదలకుండా రాశాను. చేతులు మండకపోతే పెన్ను ఎంత తేలిగ్గా నడుస్తుందో ఆ రోజే తెలిసింది.

బస్సు దిగేసరికి పడమట మబ్బు కమ్ముకొస్తోంది. మార్చిలో వాన ఏమిటని తేలిగ్గా తీసుకున్నారు గాబోలు, కల్లం నిండా కాయ పరిచే ఉంది. నేను ఇల్లు చేరుతుండగానే గాలి లేచింది, ఆ వెంటనే చినుకులు. నాన్న, అత్తయ్య, దొరికిన కూలీలు పట్టాలూ గోనె సంచులూ పట్టుకుని పరుగులు పెడుతున్నారు. చూస్తుండగానే వాన పెద్దదైంది. పారలు చాలక అందరూ చేతులతోనే కాయను కుప్పకు లాగుతున్నారు. నేను పుస్తకం పంచలో పడేసి పరుగెత్తాను. కల్లం అంచుకు వచ్చానో లేదో అత్తయ్య కేక వినపడింది. “రాబాకే! ఆగక్కడ! ముట్టుకున్నావా, చంపేస్తా!”

నాన్న మోకాళ్ళ మీద ఉన్నాడు, ఒళ్ళంతా తడిసిపోయి. “అక్కా, ముట్టూ లేదు గిట్టూ లేదు, రానియ్! సంవత్సరం కష్టం కొట్టుకుపోతంది!” అని అరిచాడు. జన్మలో మొదటిసారి ఆయన ఆచారాన్ని కాదన్నాడు, అదీ మిరపకాయల కోసం. అత్తయ్య ఒక్క క్షణం ఆగి నా వైపు చూసింది. ఆ కాయ ఎవరిది? ఆవిడ తమ్ముడిది. దుక్కి దున్నిన నాటి నుంచీ ఆవిడ చాకిరీ కూడా అందులో ఉంది. “ఉన్న కాయన్నా దక్కాలంటే అది దూరంగా ఉండాలిరా! నా మాటిను!” అని మళ్ళీ కుప్ప మీదికి వంగింది. నాన్న తల వంచుకున్నాడు.

నేను కల్లం అంచున నిలబడ్డాను. వాన నా మీదా కురుస్తోంది. ఎర్రటి నీళ్ళు నా కాళ్ళ పక్కనుంచే మళ్ళలోకి పారాయి, వాటితో పాటు కాయలూను. వంగి ఒక గుప్పెడు తీయడానికి వీల్లేదు. తీస్తే రేపటి పేపరు కూడా కన్నీళ్ళలో కొట్టుకుపోతుంది. నా చేతులు వెనక్కి కట్టుకుని, నా ఇంటి పంట పోతుంటే పరాయిదానిలా చూశాను. అంతకంటే పెద్ద శిక్ష ఇంకోటి ఉంటుందని నేను అనుకోను.

మర్నాడు పొద్దున అత్తయ్య నాకు చద్దన్నం ముద్దలు కలిపి పెట్టలేదు. గరిటెతో వేసి కంచం తోసింది. చూద్దును గదా, రెండు చేతులూ ఉబ్బిపోయి, మజ్జిగలో ముంచిన గుడ్డలు చుట్టుకుని ఉంది. తడి కాయ చిదిగితే గింజ మంట చర్మంలోకి దిగుతుంది, ఆముదం రాసినా తగ్గదు. “ఏంటలా చూస్తావ్? బస్సు పోద్ది, నడు” అని కసిరింది. ఆ రోజు పేపరు కూడా బాగా రాశాను.

పాసయ్యాను. లెక్కల్లో మా ఊళ్ళో ఆ ఏడు బడికెళ్ళి చదివినవాళ్ళకు కూడా అన్ని మార్కులు రాలేదు. కానీ ఫలితాలు వచ్చేసరికి ఇంట్లో వినేవాళ్ళెవరు? మిగిలిన కాయ రంగు పోయి గుంటూరు యార్డులో తాలు కింద జమైంది. నేను కాలేజీ మాట ఎత్తగానే నాన్న లేచాడు. “కాలేజీయా? పంట మొత్తం తాలు జేసి, ఇంకా కాలేజీయా? ముట్టుదానివి కల్లం దాకా ఎవరు రమ్మన్నారే నిన్ను? నువ్వు అడుగుపెట్టబట్టే ఆ వాన!” అన్నాడు. ఆ మాట ఆయనతో ఆగలేదు. అకాల వాన పడ్డప్పుడల్లా ఊరు నా పేరు తలుచుకునేది. ఏ పరీక్ష కోసం ఆ అబద్ధం ఆడామో, ఆ పరీక్ష గెలిచి ఇచ్చినదాన్ని ఆ అబద్ధమే మింగేసింది.

నిజం చెప్పేద్దామని అత్తయ్యను బతిమాలాను. ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుంది. “చెబితే ఏమవుద్దే? పోయిన కాయ రాదు. నేనాడింది అబద్ధమని తెలిస్తే ఈ ఇంట్లో ఇంక నా మాట చెల్లదు. రేప్పొద్దున నీకింకేదైనా అక్కరొస్తే ఏం చెప్పి ఆపేది వాణ్ణి?” అంది. నోరున్న మనిషి, ఊరిని వణికించిన మనిషి. ఆవిడ చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం మా మైల అని నాకు అప్పుడు తెలిసింది. నా చదువు గురించి న్యాయంగా అడిగితే వినే మనిషి ఆ ఇంట్లో లేడు. అంటరానిదాన్ని చేస్తే తప్ప ఆడపిల్లకు మూడు రోజులు చేతులు ఖాళీ దొరకవు. ఇది నేను నేర్చుకున్న పాఠం. దీన్ని తీపి చేసి చెప్పడం నాకు చేతకాదు.

మరుసటేడు పెళ్ళయింది. చాలా ఏళ్ళకు ఆ పదో తరగతి పాసు పుణ్యాన మా అత్తవారి ఊళ్ళో అంగన్‌వాడీలో పిల్లలకు అక్షరాలు దిద్దించే పని దొరికింది. అత్తయ్య అప్పటికే పోయింది. ఆ కబురు ఆవిడకు చెప్పలేకపోయానన్న బాధ నన్ను ఇంకా తింటూనే ఉంది.

నాన్న చివరి రోజుల్లో మంచాన పడితే చూడ్డానికి వెళ్ళాను. మాటల మధ్యలో మళ్ళీ ఆ వాన తలుచుకున్నాడు, మళ్ళీ నన్నే అన్నాడు. ఇక దాచడం నా వల్ల కాలేదు. “నాన్నా, ఆ రోజు నేను బయట లేను. నా చేతులు మండకూడదని అత్తయ్య అబద్ధమాడింది” అని చెప్పేశాను. ఆయన కప్పు వైపు చూశాడు. అక్కను తిడతాడనుకున్నాను. నన్ను క్షమించమంటాడేమోనని కూడా, వెర్రిదాన్ని, ఒక్క క్షణం ఆశపడ్డాను.

“మరి ఆ వాన ఎందుకు పడినట్టే?” అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియక దుప్పటి సర్ది బయటకు వచ్చేశాను. ఇది జరిగీ చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ మబ్బు కమ్మి చినుకు రాలితే అందరూ ఆరబెట్టినవి తీయడానికి పరుగెడతారు. నాకు మాత్రం కాళ్ళు ఉన్నచోటే ఆగిపోతాయి. నాకు తెలియకుండానే చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ‘రాబాకే’ అన్న అత్తయ్య కేక కోసం చూస్తాను.