గండి కొట్టినవాళ్ళు, పూడ్చినవాళ్ళు

మొన్న రాజమండ్రిలో ఒక కాలేజీవాళ్ళు వక్తృత్వ పోటీకి న్యాయనిర్ణేతగా రమ్మంటే, రిటైరైన టీచర్ని, వేరే పనేముంది కనుక, వెళ్ళాను. సమాజానికి ప్రభుత్వం అవసరమా కాదా అన్నది అంశం. ప్రభుత్వమే లేకపోతే బలవంతుడు బలహీనుణ్ణి బతకనివ్వడని ఒక పిల్లాడు అనగానే హాలంతా చప్పట్లు కొట్టింది, నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. వాడి తప్పేమీ లేదు, చదివింది చెప్పాడు. కానీ ఆ మాట మా ఇంటి వసారాలో ఏళ్ళ తరబడి నలిగిన మాట, దాని నిజం ఎంతో ఒక వానాకాలంలో కళ్ళారా చూసినదాన్ని నేను.

ద్రాక్షారామం దగ్గర మా ఊరు. ఊరికి పల్లంలో మా పేట, పేటను ఆనుకుని మురుగు కాలువ. మా నాన్న కాలువ లాకు దగ్గర లస్కరు, అంటే తలుపులెత్తి దించుతూ ఎగువ చేలకీ దిగువ చేలకీ వంతుల ప్రకారం నీళ్ళు వదిలే చిన్న ప్రభుత్వోద్యోగి. చిన్నాన్న మిషను బడిలో పంతులు. ఎక్కడెక్కడివో పుస్తకాలు తెచ్చుకుని చదివి, మనిషి మీద మనిషికి అధికారం ఎందుకనేవాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అమ్మ అన్నానికి పిలిచేదాకా అన్నదమ్ములిద్దరూ ఇదే వాదన. మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మనుషులు ఇలాంటి వాటి కోసం కూడా అలిగేవారు.

“పెళ్ళికీ చావుకీ పేటంతా వస్తోంది కదా అన్నయ్యా, ఏ ప్రభుత్వం ఆర్డరు వేసిందని?” అనేవాడు చిన్నాన్న.

“నేనొక్క పూట లాకు దగ్గర లేకపోతే పై రైతులు కింద చేలకి చుక్క రానివ్వరురా. వాళ్ళు ఆగేది నన్ను చూసి కాదు, ఈ ఖాకీ చొక్కాని చూసి,” అనేవాడు నాన్న.

ఆ ఏడు నాట్లు పడిన కొత్తలో ముసురు పట్టి, మురుగు కాలువ గట్టు అంచు దాకా వచ్చింది. తమ చేలు మునుగుతాయని ఊళ్ళో పెద్ద రైతులు, పట్టపగలే, కూలీల్ని పెట్టి మా పేట వైపు గట్టుకి గండి కొట్టించారు. నీళ్ళు పొయ్యిల్లోకి వచ్చేశాయి. మంచానపడి ఉన్న మా నాయనమ్మని నులకమంచంతో సహా మోసుకెళ్ళి చర్చిలో పడుకోబెట్టాం.

వాళ్ళూ మనుషులే, చెబితే వింటారని చిన్నాన్న ఒక పెద్ద రైతు ఇంటికి వెళ్ళాడు. ఆయన కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, “ఇళ్ళు మళ్ళీ కట్టుకోవచ్చండి పంతులుగారూ, పంట పోతే మళ్ళీ రాదు కదండీ,” అన్నాడట ఎంతో మర్యాదగా. నాన్న సైకిలు మీద తన ఇరిగేషన్ ఆఫీసుకి వెళితే, దారి బాగోలేదు, వాన వెలిశాక వచ్చి చూస్తామన్నారు.

ఇక ఎవరి కోసమూ ఆగలేదు. చిన్నాన్న పార పట్టుకుని గట్టెక్కితే, వెనకాల పేటంతా, ఆడామగా, తాటిమొద్దులూ మట్టి నింపిన గోనెసంచులూ మోస్తూ నడిచింది. నేనూ మోశాను. ఎవరూ ఎవరి మీదా అజమాయిషీ చెయ్యలేదు, పొద్దుగూకేలోగా గండి పూడింది. చిన్నాన్న చెప్పిందే నిజమనిపించింది నాకు.

వానలో రాలేనన్న జీపు మర్నాడు పొద్దున్నే అదే వానలో వచ్చింది, పోలీసులతో. ప్రభుత్వ గట్టు మీద చెయ్యి వేశారని చిన్నాన్ననీ ఇంకొందరినీ ఎక్కించారు. పోలీసులు చూస్తుండగానే రైతుల మనుషులు మళ్ళీ గండి కొట్టారు. గట్టు పాడుచేసింది తమ్ముడేనని కాగితం రాసివ్వమని ఆఫీసరు అడిగితే, నాన్న ఖాకీ చొక్కా విప్పి, మడిచి, జీపు ముందుభాగం మీద పెట్టి, బనీనుతో తడుస్తూ ఇంటికొచ్చాడు. ఉద్యోగం అంతటితో పోయింది. ఈసారి నీళ్ళు చర్చిలోకీ వచ్చాయి, ఆ తడిలోనే నాయనమ్మ పోయింది. చిన్నాన్న జైలు నుంచి వచ్చేటప్పటికి సమాధి చెయ్యడం కూడా అయిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం ఇద్దరూ వసారాలో కూర్చున్నారు.

“గండి కొట్టేటప్పుడు ప్రభుత్వం లేదన్నయ్యా. ఆపేవాడు ఒక్కడుంటే అమ్మ బతికేది,” అన్నాడు చిన్నాన్న.

“పూడ్చినప్పుడు మాత్రం వచ్చింది కదరా. అది రాకపోయినా అమ్మ బతికేది,” అన్నాడు నాన్న.

మళ్ళీ ఎప్పుడూ వాళ్ళు ఆ వాదన ఎత్తలేదు. ఇద్దరిలో ఎవరిది నిజమో నేనిప్పటికీ తేల్చుకోలేను. తెలిసిందల్లా, ప్రభుత్వం వచ్చినా రాకపోయినా మునిగింది మేమేనని. ఆ కోపం నాతోనే ముసలిదైంది, చల్లారలేదు.

ఇప్పుడు మురుగు కాలువకి అటూ ఇటూ చేపల చెరువులు తవ్వి దాన్ని పిల్లకాలువ చేసేశారు. ముసురు పడితే పేటలోకి నీళ్ళు ఇప్పటికీ వస్తాయి. అయితే పార పట్టుకుని గట్టెక్కేవాళ్ళు లేరు. ఎవరి ఇంటి పునాది వాళ్ళు ఎత్తు పెంచుకున్నారు. పోయిన వానల్లో వెళితే చిన్నాన్న కొడుకు తన మెట్లన్నీ గర్వంగా చూపించి, “మనకింక భయం లేదక్కా,” అన్నాడు. ఆ పునాది గోడకి కొట్టుకుని మళ్ళిన నీళ్ళు పక్కింటి ముసలావిడ వాకిట్లో మోకాలిలోతున నిలబడి ఉన్నాయి. చిన్నాన్న నోట ‘మనం’ అంటే పేటంతా ఉండేది. వాడి ‘మనం’లో ఆ ముసలావిడ లేదు.